నల్ల పట్టీలంటే అంత భయమెందుకు?

ఈమధ్య ఏ ఫంక్షన్‌కి వెళ్లినా భోజనాలకన్నా ముందు ఓ స్లైడ్‌షో తప్పడం లేదు. పెళ్లి, ఓణీల ఫంక్షన్, షష్టిపూర్తి, రిటైర్‌మెంట్, ఆఖరికి సంస్మరణ సభ కూడా. స్టేజీ పక్కన పెద్ద తెర, వెనకాల పాట, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిపోయే పాత ఫోటోలు. జనం చూసి నవ్వుకుంటారు, కొందరు కళ్లు తుడుచుకుంటారు. నేను మాత్రం తెర మీద మొహాలు ఎంత లావెక్కాయో కొలుస్తూ కూచుంటాను. వృత్తి జబ్బు, ఏం చేస్తాం! జన్మలో యాభై కిలోలు దాటని మనిషి కూడా అక్కడ గుమ్మడికాయలా ఉంటాడు. కోలగా ఉండే అమ్మమ్మ మొహం చపాతీలా పరుచుకుంటుంది. నుదుటి మీది బొట్టు గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డుని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. పక్కవాళ్లతో అంటే, "పాత ఫోటోలు కదండీ, అలాగే ఉంటాయి" అంటారు.

అలా ఉండవు. నలభై ఏళ్ల కిందట ఆ ఫోటో తీసిన స్టూడియో ఆయన శుభ్రంగానే తీశాడు. తెరకి రెండు పక్కలా నల్లగా ఖాళీ కనిపించేసరికి, "ఇదేదో బాలేదు" అని ఎవరో ఫోటో అంచు పట్టుకుని మౌసుతో లాగేశారు. అదీ జరిగింది. ఈ వారం మాట్లాడుకుందామనుకున్నది ఆ ఖాళీ గురించే.

ముందు కొంచెం లెక్క. భయపడకండి, ఆరో తరగతి నిష్పత్తులు చాలు. ఇప్పుడు ఇళ్లలో ఉన్న టీవీలూ, మానిటర్లూ ఎక్కువ భాగం 16:9 ఆకారంలో ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. ఈ చుక్కలే పిక్సెల్స్. కొన్ని ల్యాప్‌టాప్‌లు 16:10లో ఉంటాయి, కొత్తగా వస్తున్న మరీ వెడల్పాటి మానిటర్లు 21:9కి దగ్గర్లో ఉంటాయి. మన దగ్గరున్న ఫోటోలేమో దాదాపు ఏవీ ఈ ఆకారంలో పుట్టినవి కావు. రీలు కెమెరా ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. అంటే 3:2. సినిమా ఫిల్మునే అడ్డంగా తిప్పి, రెండు సినిమా ఫ్రేములు పట్టే చోట ఒక్క ఫోటో తీసే కొలత ఇది. 1925లో అమ్మకానికొచ్చిన లైకా కెమెరాతో ప్రపంచమంతా పాకింది. మన ఆల్బముల్లోని 4×6 అంగుళాల ప్రింట్లదీ అదే ఆకారం. తర్వాత వచ్చిన చిన్న డిజిటల్ కెమెరాలు, ఇప్పటి ఫోన్లు మామూలుగా తీసేది 4:3. ఇంకా వెనక్కి వెళితే స్టూడియో కెమెరాల్లో చతురస్రం నెగెటివ్ ఉండేది, 6 సెంటీమీటర్లకి 6.

మరి ఈ 16:9 ఎక్కడిది? 1980ల్లో హైడెఫినిషన్ టీవీ ఎలా ఉండాలని తర్జనభర్జన పడుతున్నప్పుడు కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజనీరు, అప్పటికి వాడుకలో ఉన్న తెర ఆకారాలన్నిటినీ ఒకే వైశాల్యం ఉన్న దీర్ఘచతురస్రాలుగా గీసి ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాడు. ఒక కొసన పాత టీవీ 4:3, ఇంకో కొసన సినిమాస్కోప్ 2.35. రెండిటికీ మధ్య రాజీగా తేలింది 16:9. రాజీ కాబట్టి దేనికీ అచ్చంగా సరిపోదు, అన్నిటికీ కాస్త సర్దుకుంటుంది.

ఈ బాధ మన ఇళ్లకి కొత్తేమీ కాదు, తిరగబడి వచ్చిందంతే. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. అలాంటి స్కోప్ సినిమాని పాత డబ్బా టీవీలో వేస్తే, పైనా కిందా నల్లగా వదిలెయ్యాలి, లేదా రెండు పక్కలా కొయ్యాలి. కోస్తే ఒక కొసన హీరో, ఇంకో కొసన విలన్ నిలబడి మాట్లాడుకునే సీనులో మనకి మధ్యలో ఉన్న టేబులు కనిపించేది. ఇప్పుడు తెర వెడల్పయింది, ఫోటో పొట్టిగా మిగిలింది.

సరే, 4:3 ఫోటోని 16:9 తెర మీద పెట్టాలి. చెయ్యగలిగినవి మూడే. సాగదీయడం, కొయ్యడం, వదిలెయ్యడం.

సాగదీయడం గురించి ఎక్కువ చెప్పను. 1440 చుక్కల వెడల్పుండాల్సిన బొమ్మని 1920కి లాగుతున్నాం, అంటే ప్రతి మొహం మూడో వంతు లావెక్కుతుంది. దీనికి క్షమాపణ లేదు. కొన్ని టీవీల్లో మధ్య భాగాన్ని తక్కువగా, అంచుల్ని ఎక్కువగా సాగదీసే సెట్టింగు కూడా ఉంటుంది. అందులో మధ్యన నిలబడ్డ పెళ్లికొడుకు బాగానే ఉంటాడు, చివర నిలబడ్డ తోడపెళ్లికొడుకు మాత్రం రోడ్డు రోలరు కింద పడ్డట్టుంటాడు.

కొయ్యడం దగ్గరే అసలు సంగతంతా ఉంది. 4:3 ఫోటోతో తెరంతా నింపాలంటే వెడల్పుని 1920 చెయ్యాలి, అప్పుడు ఎత్తు 1440 అవుతుంది. తెరలో పట్టేది 1080. మిగిలిన 360 వరసలు, అంటే ఫోటోలో సరిగ్గా పావు భాగం, పైనా కిందా కలిపి ఎగిరిపోతుంది. రీలు కెమెరా ఫోటో అయితే పోయేది ఆరో వంతు కన్నా కొంచెం తక్కువ. చతురస్రం ఫోటో అయితే 44 శాతం. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన ఫోటో అయితే మరీ ఘోరం, మిగిలేదే 42 శాతం. మన స్లైడ్‌షో సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి 'ఫిల్' అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే ఈ పని రెండొందల ఫోటోలకీ అర నిమిషంలో అయిపోతుంది. నల్ల పట్టీ ఒక్కటీ ఉండదు, తెర కళకళలాడుతూ నిండుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ పైన, ఆ కింద ఏముంటాయో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. గుడి ముందు తీసుకున్న ఫోటోలో పైన ఉండేది గోపురం కలశం. గృహప్రవేశం ఫోటోలో కింద ఉండేవి పారాణి పెట్టిన పాదాలు, గడప మీది బియ్యం. స్కూలు గ్రూపు ఫోటోలో ముందు వరస పిల్లల కాళ్ల దగ్గర ఓ పలక పెట్టేవారు, దాని మీద ఏ తరగతి, ఏ సంవత్సరం అన్నీ రాసి ఉంటాయి. ఆ పలకని కోసేశాక, అది ఏడో తరగతా ఎనిమిదో తరగతా అని చిన్నాన్నా, బాబాయి స్నేహితులూ అరగంట వాదించుకోవాల్సిందే. తొంభైల నాటి కెమెరాలు కింద కుడి మూలన నారింజ రంగు అంకెలతో తేదీ కొట్టేవి. అది మనకిప్పుడు పిచ్చిగా కనిపించొచ్చు కానీ, ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ ఫోటో ఎప్పటిదో చెప్పే సాక్షి అదొక్కటే. మధ్యలోంచి కోసే సాఫ్ట్‌వేర్‌కి ఇవేవీ తెలియవు. ముఖ్యమైనదంతా మధ్యలోనే ఉంటుందని దాని నమ్మకం.

మా పెద్దనాన్నగారి షష్టిపూర్తికి స్లైడ్‌షో పని నా మీద పడింది. ఇంట్లో ఒకడు సాఫ్ట్‌వేర్ అయితే ప్రింటర్ రిపేరు, ఫంక్షన్ స్లైడ్‌షో వాడి ఖాతాలోవే. ఆఫీసులో నేను రాసేది డేటాబేస్ కోడు అంటే ఎవరు వింటారు? నూట ఎనభై దాకా ఫోటోలు వచ్చాయి. అందులో ఒకటి చతురస్రం ఫోటో, మా తాతగారింటి అరుగు ముందు డెబ్భైల్లో తీయించింది. కుర్చీల్లో పెద్దవాళ్లు, నేల మీద పిల్లలు, వెనకాల నిలబడ్డ ఈడొచ్చినవాళ్లు. నాన్నకి చూపించి అడుగుదామని ల్యాప్‌టాప్ మీద రెండు రకాలుగా పక్కపక్కన పెట్టాను. ఎడమ వైపు పట్టీలతో మొత్తం ఫోటో, కుడి వైపు తెరంతా నింపి కోసింది. నాన్న కళ్లజోడు పైకి తోసుకుని కుడి వైపు దాన్నే చూశారు కాసేపు.

"ఒరే, అక్క ఏదిరా?"

వెనక వరసలో కుడి చివర నిలబడింది నాన్న వాళ్ల పెద్దక్క, నేనెప్పుడూ చూడని మేనత్త. పందొమ్మిదో ఏట జ్వరమొచ్చి పోయింది. ఆమెది మా ఇంట్లో మిగిలిన ఫోటో అదొక్కటే. కోసిన దాంట్లో ఆమె ముందుకి వేసుకున్న జడ ఉంది, జడ చివర రిబ్బను ఉంది. మొహం లేదు. మధ్యలో కూచున్న తాతగారు, బామ్మ మాత్రం ఇంతకుముందు కన్నా పెద్దగా, దివ్యంగా ఉన్నారు. ఎవరైనా చూస్తే 'బాగుంది' అనే అంటారు. ఆ ఫోటోలో ఎవరు లేరో తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

ఎడమ వైపుదే ఉంచాం. 1080కి 1080 చతురస్రం, అటూ ఇటూ 420 చుక్కల నలుపు. దాని తర్వాత స్లైడులో ఆమె మొహం వరకే పెడదామని ప్రింటుని మళ్లీ 1200 డీపీఐలో స్కాన్ చేశాను. గ్రూపు ఫోటోలో మొహం ఎంతుంటుంది, బొటనవేలు గోరంత. ఎంత స్కాన్ చేసినా ఒక హద్దు దాటాక వచ్చేది మొహం కాదు, కాగితం గరుకు. అందుకని తెరంతా పెంచకుండా మధ్యలో చిన్నగానే పెట్టాను, చుట్టూ నలుపు వదిలేసి. ఫంక్షన్ రోజు ఆ స్లైడు దగ్గర పెద్దనాన్న రిమోట్ అడిగి తీసుకుని ఆపేశారు. నాలుగు సెకన్లకి పెట్టిన స్లైడు, ఐదారు నిమిషాలు అలాగే ఉంది.

అందుకే చెప్తున్నా, నల్ల పట్టీలు లోపం కావు. ఫోటో ఆకారం వేరు, తెర ఆకారం వేరు అని ఒప్పుకోవడం అంతే. గోడకి ఫ్రేము కట్టించేటప్పుడు చుట్టూ ఖాళీ అట్ట వదలమని మనమే అడిగి మరీ వదిలించుకుంటాం, అక్కడ ఎవరికీ బాధ లేదు.

నలుపు మరీ చావు కబురులా ఉంది అనేవాళ్లుంటారు, ముఖ్యంగా శుభకార్యాల్లో. వాళ్ల కోసం ముదురు మెరూనో, బాగా ముదురు బూడిద రంగో పెట్టొచ్చు. తెలుపు మాత్రం వద్దు. పాత నలుపు-తెలుపు ఫోటోకి అటూ ఇటూ తెల్లటి వెలుగు పెడితే కంటికి మొహాలన్నీ మసిబారినట్టు కనిపిస్తాయి. ఇక న్యూస్ చానళ్లలో చూస్తుంటారే, నిలువు వీడియోకి రెండు పక్కలా అదే వీడియోని మసకగా పెద్దది చేసి పెట్టడం, అది స్లైడ్‌షోల్లోకీ వచ్చేసింది. నాకు అస్సలు నచ్చదు. తాతగారి ఫోటో మధ్యలో ఉంటే, రెండు పక్కలా తాతగారి చెవి ఒకటి దయ్యంలా వేలాడుతూ ఉంటుంది. ఎవరిష్టం వాళ్లదనుకోండి.

నిలువు ఫోటోలకి ఇంతకన్నా మంచి మార్గం ఉంది. 3:4 నిలువు ఫోటో 1080 ఎత్తుకి తెస్తే 810 వెడల్పు వస్తుంది. అలాంటివి రెండు పక్కపక్కన పెడితే 1620. మిగిలిన 300లో అటు వంద, ఇటు వంద, మధ్యలో వంద. తెర చక్కగా నిండుతుంది, ఒక్క వెంట్రుక కూడా కొయ్యక్కర్లేదు. ఏవి జత చెయ్యాలన్నది మీ తెలివి. పెళ్లిచూపులకి పంపించిన ఆమె స్టూడియో ఫోటో, అదే ఏడు తీయించుకున్న ఆయన ఫోటో. లేదంటే మూడేళ్ల వయసులో తల్లి, మూడేళ్ల వయసులో కూతురు. ఇలాంటి జత ఒకటి పడిందంటే హాల్లో గుసగుసలు మొదలవుతాయి, "అచ్చు వాళ్లమ్మ పోలికే" అని.

ఇంకోటి, కదిలించడం. అమెరికాలో కెన్ బర్న్స్ అనే డాక్యుమెంటరీ దర్శకుడు వాళ్ల అంతర్యుద్ధం మీద 1990లో ప్రసారమైన సిరీస్‌లో పాత ఫోటోల మీద కెమెరాని నెమ్మదిగా నడిపించి ప్రాణం పోశాడు. యాపిల్ వాళ్లు తమ సాఫ్ట్‌వేర్‌లో ఈ పద్ధతికి ఆయన పేరే పెట్టేశారు. నిలువు ఫోటోకి ఇది బాగా పనికొస్తుంది. వెడల్పు 1920, ఎత్తు 2560 ఉంచి, కింద పాదాల నుంచి పైన మొహం దాకా మెల్లగా జరిపితే మొత్తం ఫోటో చూపించినట్టే. అయితే దీనికి ఎత్తు 1080కి తగ్గించేసిన ఫోటో పనికిరాదు, అది గుర్తుంచుకోండి. అన్ని ఫోటోలకీ పెడితే మాత్రం ఎత్తుపల్లాల రోడ్డు మీద బస్సు ఎక్కినట్టుంటుంది. నూటికి పది చాలు.

కోతే కావాలనుకున్న చోట చేత్తో కొయ్యండి. సముద్రం ఒడ్డున తీసుకున్న ఫోటోలో పైన ఆకాశం, కింద ఇసుక తప్ప ఏమీ ఉండవు. అలాంటివి కోస్తే ఇంకా బాగుంటాయి కూడా. ఫోటోకి ఐదు సెకన్లు చొప్పున రెండొందలకి ఇరవై నిమిషాలు పట్టదు. ఏది పోతోందో చూసి కొయ్యడం, అంతే తేడా.

అసలు సైజు తగ్గించడం ఎందుకు, తెరే తగ్గించి చూపిస్తుంది కదా అని అడగొచ్చు. చూపిస్తుంది, కానీ 4000 × 3000 ఫోటో డిస్కులో నాలుగైదు ఎంబీలే ఉన్నా, విప్పి మెమొరీలో పెట్టాక 36 ఎంబీ. పాత ల్యాప్‌టాపో, పెన్‌డ్రైవ్ పెట్టిన టీవీయో ఒక్కో ఫోటోకీ ఆయాసపడుతుంది. పాటలో చరణం అయిపోయాక ఫోటో వస్తుంది. 1440 × 1080కి తగ్గిస్తే భారం ఎనిమిదో వంతుకి దగ్గరగా పడిపోతుంది. ఇంకో కారణం జరీ. టీవీలు తొందరగా తగ్గించడానికి మధ్యమధ్యలో చుక్కలు వదిలేస్తూ పోతే కంచి పట్టు అంచు, పోచంపల్లి ఇక్కత్ గళ్లు అలలు అలలుగా మెరుస్తూ కదులుతాయి. చీర కదలడం లేదు, ఆ లెక్క తప్పడం అది. మంచి సాఫ్ట్‌వేర్ వదిలెయ్యదు, చుట్టుపక్కల చుక్కలన్నిటినీ కలిపి సగటు తీసినట్టు కొత్త చుక్కని తయారు చేస్తుంది. మెనూలో బైక్యూబిక్ అనో లాంక్జోస్ అనో ఉంటుంది. రెండోది ఓ హంగరీ గణిత శాస్త్రజ్ఞుడి పేరు. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు. తగ్గించాక కొద్దిగా షార్పెన్ చెయ్యండి, కొద్దిగానే.

విండోస్ వాడేవాళ్లకి ఇర్ఫాన్‌వ్యూ చాలు, ఇంటి వాడకానికి ఉచితం. అది తెరిచి కీబోర్డు మీద 'బి' నొక్కితే ఫోటోలన్నిటికీ ఒకేసారి పనిచేసే కిటికీ వస్తుంది. వెడల్పు 1920, ఎత్తు 1080 ఇచ్చి రెండు టిక్కులు మాత్రం మర్చిపోకండి. ఒకటి ప్రిజర్వ్ యాస్పెక్ట్ రేషియో, అంటే గుమ్మడికాయ నివారణ. రెండోది డోంట్ ఎన్‌లార్జ్ స్మాలర్ ఇమేజెస్, అంటే చిన్న ఫోటోని బలవంతంగా పెంచొద్దని. 4కే టీవీ అయితే 3840, 2160 ఇవ్వండి. డీపీఐ అని ఓ డబ్బా కనిపిస్తుంది, 72 పెట్టాలా 300 పెట్టాలా అని కంగారుపడే వాళ్లున్నారు. ఏదైనా పెట్టుకోండి, తెరకి దాంతో పని లేదు. అది ప్రింటరు గొడవ.

స్కానర్ దగ్గర మాత్రం డీపీఐ అసలు ప్రశ్నే. 4×6 ప్రింటుని 300లో స్కాన్ చేస్తే 1800 × 1200 వస్తుంది, ఫుల్ హెచ్‌డీ తెరకి హాయిగా సరిపోతుంది. పాస్‌పోర్ట్ సైజు ఫోటో అయితే ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లే కాబట్టి 600 పెట్టాలి, 1063 చుక్కలు వస్తాయి. తెర ఎత్తు 1080, లెక్క ఎంత బాగా కుదిరిందో చూడండి! పర్సులో ముప్ఫై ఏళ్లు నలిగిన పాస్‌పోర్ట్ ఫోటో కూడా తెర నిండా నిలబడుతుంది. ఫోటోని ఫోన్‌తో ఫోటో తీసి పంపించే బంధువులుంటారు, వాళ్లని బతిమాలి ఒరిజినల్ తెప్పించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించి పంపుతుంది, 'డాక్యుమెంట్'గా పంపమనండి. ఈ ఒక్క మాట మా అత్తయ్యకి ఫోన్లో చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది, అయినా పంపింది.

ఏం చేసినా కాపీ మీదే చెయ్యండి. జేపెగ్ ఫోటోని మార్చి మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, తిరిగి రాదు. ఇవాళ 1920కి తగ్గించి పాతది చెరిపేస్తే, రేపు ఆ ఫోటోని గోడకి పెద్దది చేయిద్దామంటే దండ వెయ్యడానికి పనికొస్తుందేమో కానీ దగ్గరికెళ్లి చూడ్డానికి పనికిరాదు. ఒరిజినల్స్ ఒక ఫోల్డర్, తెరవి ఇంకో ఫోల్డర్. ఇంకో చిన్న సంగతి, నిలువుగా పట్టుకుని తీసిన ఫోటోని చాలా ఫోన్లు అడ్డంగానే దాచి, 'దీన్ని తిప్పి చూపించు' అని ఓ చీటీ రాసి పెడతాయి. కొన్ని పాత టీవీలు ఆ చీటీ చదవవు, మనుషుల్ని పడుకోబెట్టి చూపిస్తాయి. సైజు తగ్గించేటప్పుడే నిజంగా తిప్పించేస్తే ఈ బాధ ఉండదు.

ఇంతా చేసి హాలుకి వెళ్లాక పాడవొచ్చు. అద్దెకి తెచ్చే ఎల్‌ఈడీ గోడలు పలకలు పేర్చి కట్టినవి, ఎన్ని పలకలు పేరిస్తే అంత ఆకారం. 12 అడుగులకి 8 అడుగుల గోడ 16:9 కాదు, 3:2. మీరిచ్చిన 16:9 బొమ్మని ఆపరేటరు ఆ గోడంతా నింపితే ఈసారి మొహాలు నిలువుగా సాగుతాయి. గుమ్మడికాయ పోయి పొట్లకాయ వస్తుంది. పైగా చుక్కకీ చుక్కకీ నాలుగు మిల్లీమీటర్లు ఎడం ఉంటే 12 అడుగుల్లో పట్టేవి 900 పైచిలుకే, కాబట్టి అక్కడికి 4కే ఫైళ్లు మోసుకెళ్లడం దండగ. గోడ కొలత ముందే ఫోన్ చేసి అడగండి.

నేనైతే స్లైడ్‌షోలో మొట్టమొదట ఓ పరీక్ష స్లైడు పెడతాను. నల్లటి 1920 × 1080 కాగితం మీద మధ్యలో ఓ పెద్ద తెల్లటి సున్నా, నాలుగు అంచులా ఓ సన్నటి గీత. ముందురోజు సాయంత్రం డెకరేషన్ వాళ్లు పూలు కడుతున్నప్పుడు వెళ్లి అదొక్కటి వేయించి చూస్తాను. సున్నా గుండ్రంగా ఉంటే సరే. గుడ్డులా ఉంటే ఆపరేటరుకో, రిమోట్‌లో పిక్చర్ సైజ్‌కో పని చెప్పాలి. అంచు గీత కనిపించకపోతే తెర చుట్టూ కొంచెం మింగేస్తోందని అర్థం, ఫోటోలకి నాలుగు పక్కలా కాస్త ఖాళీ వదలాలి. ఈ పరీక్షకి పట్టేది రెండు నిమిషాలు. కానీ ముందురోజే వెళ్లండి, ముహూర్తం వేళకి ఆ ఆపరేటరు టిఫిన్ల దగ్గరుంటాడు.